ఎండలో నడిపి చూడండి

న్యూజిలాండ్‌లో నాతో కలిసి పనిచేసిన ఆమె పోయిందన్న కబురు మా హామిల్టన్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. భర్తకు ఉద్యోగం మారి దూరంగా జాన్సన్‌విల్ వెళ్ళిపోయాక ఆమెను నేను చూసింది తక్కువ. అక్కడే, నిద్రలోనే పోయిందట. కబురు కింద వరసగా దండం పెట్టే బొమ్మలు. వాటి మధ్యలో ఒకరు రాశారు: "చాలా నెమ్మదైన మనిషి. ఎవరినీ పల్లెత్తు మాట అనేది కాదు." దాని కింద ఇంకొకరు: "అవును, ఎప్పుడూ నవ్వుతూ సర్దుకుపోయేది."

చదివి నాకు ఒళ్ళు మండింది. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, ఈ ఊళ్ళోనే, పిల్లలకు తెలుగు చెప్పే ఆదివారం బడిలో వెనక బల్ల మీద కూర్చుని. ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని కాబట్టి ఏ వాక్యాన్నీ కళ్ళతో గబగబా దాటెయ్యలేను. ప్రతి మాట దగ్గరా ఆగుతాను. ఆ రెండు వాక్యాల దగ్గర ఆగిపోయి ముందుకు వెళ్ళలేకపోయాను. ఆమె సర్దుకుపోలేదు. సర్దుకుపొమ్మని ఆమెకు చెప్పినవాళ్ళే ఇప్పుడు ఆ మాట రాస్తున్నారు.

ఆమె మాటలు వాళ్ళకెందుకు గుర్తు లేవో నాకు తెలుసు. ఆమె కోపానికి చప్పుడు ఉండేది కాదు. మనం కోపం వస్తే గొంతు పెంచుతాం. ఆమె తగ్గించేది. తగ్గించి, చెప్పిన మాటనే మళ్ళీ చెప్పేది, ఒక్క అక్షరం మార్చకుండా. ఎదుటివాళ్ళు వినలేదనుకుంటే మూడోసారీ అదే. వినేవాళ్ళు దాన్ని బతిమాలడం అనుకునేవాళ్ళు. పక్కన కూర్చున్న నాకు మాత్రం ఆ మూడోసారికి ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి.

మా ఇద్దరిదీ ఒకే పని. ఇళ్ళలో ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకు స్నానాలు చేయించడం, బట్టలు మార్చడం, మంచం మీద నుంచి కుర్చీలోకి దించడం. నాకు కారు నడపడం రాదు. బరువైన మనిషిని లేపడానికి ఇద్దరు కావలసిన ఇళ్ళకు ఆఫీసువాళ్ళు నన్ను ఆమెతో జత చేసేవారు. అలా ఆమె పక్క సీటు నాది అయింది. ఆమెది రామగుండం. మాది అనకాపల్లి దగ్గర. "అక్కా, నీ తెలుగు పాట తీర్గ ఉంటది, ఏం జెప్తున్నవో మాత్రం సమజ్ కాదు" అని నవ్వేది. "నీది మాత్రం నాకు అర్థమవుతోందా, ఊఁ కొడతన్నానంతే" అనేదాన్ని నేను.

పొట్టి మనిషి. సీటు మీద దిండు వేసుకుని, మెడ చాచి, రోడ్డును గోడ మీద నుంచి తొంగిచూస్తున్నట్టు చూస్తూ నడిపేది. హారన్ కొట్టడం నేనెప్పుడూ వినలేదు. ఆమెకున్న ఇంకో అలవాటు, దేన్నయినా చేత్తో ముట్టి చూడడం. స్నానానికి నీళ్ళు పట్టాక మోచెయ్యి ముంచి చూసేది. టీ ఇచ్చేముందు కప్పు చుట్టూ అరచెయ్యి పెట్టి చూసేది. ముసలివాళ్ళెవరైనా బాగానే ఉన్నానంటే తల ఊపి, అయినా నుదురు తాకి చూసేది. "నోటితోని ఏమన్న చెప్తరక్కా. ఒంటిని అడగాలె" అనేది.

ఆమె పాత కారు కన్ను మూసినప్పుడు మొదలైంది ఇదంతా. మా ఉద్యోగంలో ఎవరి కారు వాళ్ళకు ఉండాలి. లేకపోతే ఇళ్ళు ఇవ్వరు, ఇళ్ళు ఇవ్వకపోతే ఉద్యోగం లేదు. ఊళ్ళో కార్ల యార్డు నడిపే మనవాడు ఒకాయన ఉన్నాడు. జపాన్ నుంచి దిగిన పాత కార్లు అమ్ముతాడు. ఇక్కడి తెలుగువాళ్ళ కార్లలో చాలావరకు ఆయన చేతి మీదుగా వచ్చినవే. చిన్నా పెద్దా అందరూ 'అన్న' అంటారు. పండగలకు హాలు అద్దె ఆయనే పెట్టుకుంటాడు. స్టేజీ మీద దేవుడి పటానికి ఒక పక్కన ఆయన యార్డు బ్యానరు ఉంటుంది.

ఆమె ఆయన యార్డులోనే ఒక తెల్ల కారు చూసుకుంది. చూసుకుని, మంచి గడియ కావాలంది. ఈ పట్టింపు ఆమెకు గట్టిది. చీపురు కొనాలన్నా వారం చూసేది. నేను ఎన్నోసార్లు ఎగతాళి చేశాను. వాళ్ళ మేనమామ ఫోన్లో చెప్పిన ప్రకారం గురువారం దశమి, దీపాలు పెట్టే వేళ బాగుంది. ఆ వేళకు యార్డు మూసేస్తారు.

"దాందేమున్నది చెల్లె, బండి నేనే మీ ఇంటికి పట్టుకొస్త" అన్నాడు అన్న. "యార్డు కాయితాలంటే లేటయితది. మా ఇంటామె పేరు మీదికి మార్చి, ఆడికెళ్ళి నీ పేరు మీదికి ఫోన్లనే మార్చేస్త. మన మధ్యల అవన్నెందుకు?"

అలాగే జరిగింది. భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఆయన భార్యే కొబ్బరికాయ, నిమ్మకాయలు తెచ్చింది. నా నేస్తం బానెట్‌కు పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వీధి చివరిదాకా నడిపింది. తిరిగొచ్చి వాళ్ళకు సకినాలు, టీ పెట్టింది. సోఫాలో కూర్చుని ఫోన్లో పేరు మార్చేశారు. చలి తగ్గుతున్న రోజులవి. కారు మెత్తగా, చెప్పిన మాట వింటూ నడిచింది.

ఎండలు వచ్చాయి. ఇక్కడి ఎండను మనవాళ్ళు ఎండ అని ఒప్పుకోరు. కానీ ఇక్కడి ఎండాకాలం జనవరిలో, మధ్యాహ్నం బయట నిలబడితే సూదులు గుచ్చినట్టు గుచ్చుతుంది. రాగ్లాన్ దారిలో కొండ ఎక్కి దిగితే ఒక పొలం ఇంట్లో మేం చూసే ముసలావిడ ఒకావిడ ఉండేది. మేం వెళ్ళి లేపితేనే మంచం దిగే మనిషి. ఆరోజు ఆవిడ దగ్గరికి వెళుతున్నాం. కొండ సగం ఎక్కేసరికి ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీదికి పోయింది. ఏసీలోంచి వేడిగాలి వచ్చింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి.

పక్కకు తీసి ఆపింది. కంచె అవతల ఆవులు మమ్మల్నే చూస్తున్నాయి. ఆమె దిగి బానెట్ మీద అరచెయ్యి పెట్టి, చురుక్కుమని వెనక్కి తీసుకుంది. చేయి ఊదుకుంటూ మొదట అన్నమాట కారు గురించి కాదు. "అక్కా, ముసలామె తడిబట్టల మీదనే ఉంటదేమో గదా." ఆఫీసుకు ఫోన్ చేస్తే వేరే మనుషులు దొరకలేదు. కారు చల్లారాక, ఏసీ కట్టేసి, అద్దాలన్నీ దించి మెల్లగా కొండ ఎక్కి దిగి వెళ్ళేసరికి ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఆమె ఆవిడ కాళ్ళు తుడుస్తూ "సారీ డార్లింగ్, సారీ డార్లింగ్" అంటూనే ఉంది.

అన్న మొదట బాగానే మాట్లాడాడు. "పొద్దుగాల పట్టుకరా చెల్లె, మనోడు చూస్తడు." పొద్దున్నే, మంచు కూడా పూర్తిగా ఆరకముందు, మెకానిక్కు కుర్రాడు కారును ఆ వీధి చుట్టూ తిప్పి తెచ్చి, ఏమీ లేదనేవాడు. కూలెంట్ పోసి పంపేవారు. మళ్ళీ మధ్యాహ్నం కొండ దగ్గర కాగేది. మళ్ళీ పొద్దున్నే రమ్మనేవారు. మళ్ళీ ఏమీ లేదు.

"అన్నా, ఎండల నడిపి చూడున్రి."

"చూసినం గద చెల్లె."

"పొద్దుగాల చూసిన్రు. ఎండల నడిపి చూడున్రి."

ఒకరోజు ఆయన యార్డులో నలుగురి ముందు నవ్వాడు. "రామగుండం ఎండల పెరిగినదానివి. గీ న్యూజిలాండు ఎండకు బండి కాగిందంటే నవ్వుతరు చెల్లె! నువ్వు నడిపేటప్పుడు గేరు గీరు చూసుకుంటున్నవా?"

"రామగుండంల నేను కాగిన అన్నా. మా బస్సు కాగలె" అంది ఆమె. పక్కనున్న కొనుగోలుదారు ఒకాయన పకపకా నవ్వాడు. అన్న నవ్వలేదు.

ఆ తర్వాతి వారం ఆమె కారు తీసుకొచ్చి యార్డు మధ్యలో, అమ్మకానికి పెట్టిన కార్ల వరసలో ఆపింది. దిగలేదు. తాళం చేతిలో పట్టుకుని స్టీరింగు ముందే కూర్చుంది. నేను పక్కన. అద్దాలు దించుకున్నాం. టిఫిన్ డబ్బా తీసి పెరుగన్నం నాకు సగం పెట్టింది. కారు కొనడానికి వచ్చినవాళ్ళు మా చుట్టూ తిరిగి, ఇది కూడా అమ్మకానికే ఉందా అని మమ్మల్నే అడిగారు. "ఉన్నది. కానీ కాగుతది" అని వచ్చీరాని ఇంగ్లీషులోనే చక్కగా చెప్పింది.

అన్న పరుగున వచ్చాడు. "ఏంది చెల్లె గిది? లోపటికి వచ్చి కూసో. కస్టమర్లున్నరు."

"నేను గూడ కస్టమర్నే గద అన్నా. పగలు మూడింటికి ఎవరన్న దీన్ని ఎండల నడిపి చూడున్రి. అప్పుడు దిగుత."

అప్పుడు ఆయన మొహం మారింది. గొంతు తగ్గించి, వంగి, అద్దం మీద చెయ్యి పెట్టి చెప్పాడు. "నువ్వు నా కస్టమర్‌వి కాదు. యార్డు నీకేం అమ్మలే. మా ఆమె తన బండి నీకిచ్చింది, ఇంటి కాడ. ప్రైవేటు సేలు. ఇద్దరు ఆడోళ్ళ మధ్య ముచ్చట. దాంతోని నాకేం సంబంధం చెప్పు?"

ఆమె తాళం పెట్టి తిప్పింది. కారు తీసింది. మా వీధి మలుపు దగ్గర ఆపి, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి అంది: "ముహూర్తం నేనే అడిగిన అక్కా. నేను అడగకపోతే యార్డులనే రాసిచ్చెటోడు." ఆమె మొహంలో ఏడుపు లేదు. తన మీద తనకే పట్టలేని కోపం. "మంచి గడియ కావాలన్న గద. ఇచ్చిండు."

నాకు మాత్రం ఆయన మీదే కోపం. ఆమె నమ్మకం ఆయనకు వీలుగా దొరికింది, వాడుకున్నాడు. దశమికీ కాగే కారుకూ ఏం సంబంధం? కానీ ఆరోజు నుంచి ఆమె వారాలు చూడడం మానేసింది. ఆ మానేయడం నాకు బాధగా ఉండేది. ఎగతాళి చేయడానికి నాకేమీ మిగల్లేదు.

ఊరి మధ్యలో ఉచితంగా సలహా చెప్పే చోటు ఒకటుందని ఆమెకు ఎవరో చెప్పారు. నన్నూ తీసుకుపోయింది. ఊలు టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ మా కథంతా విని, "అయ్యో, నీకు లెమన్ అంటగట్టారమ్మా" అంది. ఇక్కడ పనికిరాని కారును అలా అంటారట. ఆమె నా వైపు తిరిగి, "మనం తొక్కిచ్చినయి చాలలేదేమో అక్కా" అంది. ఆ కష్టంలో నేను ఆమె నవ్వడం చూసింది అప్పుడే.

ఆ పెద్దావిడ చెప్పింది నాకు గుర్తున్నంతవరకు ఇది. కార్ల వ్యాపారం చేసేవాడు కారు అమ్మితే, అది సరైనదై ఉంటుందని చట్టమే కొన్నవాళ్ళకు హామీ ఇస్తుంది. ఇంటి దగ్గర, భార్య పేరు మీద అమ్మినంత మాత్రాన వ్యాపారి వ్యాపారి కాకుండా పోడు. లోపం ఉంటే బాగుచేయడానికి ముందు అతనికి అవకాశం ఇవ్వాలి. బాగుచేయకపోయినా, చేసింది నిలవకపోయినా కారు తిప్పి ఇచ్చెయ్యవచ్చు. కాకపోతే ఆలస్యం చేయకూడదు. కార్ల తగాదాలకే ఒక ట్రిబ్యునల్ ఉంది, అక్కడికి మామూలు మనుషులు లాయరు లేకుండా వెళ్ళవచ్చు. అంతా విని ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే: "వాళ్ళు ఎండల నడిపి చూస్తరా?" పెద్దావిడ, అది వాళ్ళను నువ్వు అడగాలి అంది.

ఆమె ట్రిబ్యునల్‌కు ఫిర్యాదు పెట్టిందని తెలిసిన వారంలోనే మా తెలుగు సంఘం అధ్యక్షుడు, అందరం అంకుల్ అనే పెద్దమనిషి, హాల్లో పిలిపించాడు. కుర్చీలు గుండ్రంగా వేశారు. అంకుల్, ఆయన పక్కన ఆంటీ, అన్న, ఇంకా కొందరు పెద్దలు. ఆమె భర్త తల వంచుకుని ఒక మూల కూర్చున్నాడు. అతను చెడ్డవాడు కాదు, నలుగురి ముందు నోరు పెగలదు.

"అమ్మా, మనలో మనం కూర్చుని మాట్లాడుకునే విషయం ఇది" అన్నాడు అంకుల్. "తెల్లవాళ్ళ ముందుకు తీసుకెళితే మన తెలుగువాళ్ళ పరువేం కావాలి? ఆయన మనకు ఎంత చేస్తున్నాడో తెలియనిదానివా? కాస్త సర్దుకుపోవాలి."

"పరువు సంగతి నాకు తెల్వదంకుల్. బండి కాగుతున్నది."

"అదే, అదే. కాస్త సర్దుకుపోవాలి."

"బండి కాగుతున్నది అంకుల్."

"అన్నీ ఇక్కడే తేల్చేద్దామమ్మా. ఆయన వేరే కారు చూపిస్తానంటున్నాడు, నువ్వు పైన కొంచెం వేసుకుంటే..."

ఆమె గొంతు ఇంకా తగ్గింది. "ఒక పని చెయ్యిన్రి. రేపు పగలు మీరు నా బండి తీస్కొని, ఆంటీని కూసోబెట్టుకొని, ఏసీ వేస్కొని రాగ్లాన్ దాక పోయి రాండ్రి. వచ్చినంక మీరేం చెప్తే అది చేస్త."

అంకుల్ ఆంటీ వైపు చూశాడు. ఆంటీ, "నాకు మోకాళ్ళ నొప్పులు బాబోయ్, కొండ మీద ఆగిపోతే నేను నడవలేను" అంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అంకుల్ ఎర్రబడి నా మీదికి తిరిగాడు. "మీరు పెద్దవారు. ఆమెకు మీరైనా చెప్పండి."

"నేనేం చెప్తానండీ, నేనా కార్లోనే కూర్చుంటాను. కాగుతోందండీ" అన్నాను.

అంతే, సభ ముగిసింది. ఎవరూ ఆమెను వెలివేయలేదు. అలాంటి మాటలు వాడే మనుషులు కాదు వీళ్ళు. కానీ ఆ ఏడు బతుకమ్మ ఎక్కడ ఆడుతున్నారో ఆమెకు ఎవరూ చెప్పలేదు. రాములవారి కల్యాణానికి పులిహోర కలిపే పని ఎప్పుడూ ఆమెదే, అది వేరేవాళ్ళకు వెళ్ళింది. మా అమ్మాయికి కూడా ఎవరో, "మీ అమ్మగారిని కాస్త చూసుకోండి" అన్నారట. మా అమ్మాయి నాతో అంది, "అమ్మా, నువ్వెందుకే మధ్యలో?" నేను మధ్యలో లేను, పక్క సీట్లో ఉన్నానన్నాను.

విచారణ ఎప్పుడు పడిందో తెలుసా? చలికాలం నడిమధ్యలో. హామిల్టన్‌లో పొగమంచుకు ఎదుటి ఇల్లు కనిపించని పొద్దున. ఆ చలిలో కారు కాగదని నాకు అప్పుడే తెలిసిపోయింది. ట్రిబ్యునల్లో పెద్ద కుర్చీలో తీర్పు చెప్పే ఒకావిడ, పక్కన కార్ల సంగతి తెలిసిన ఒకాయన. ఇద్దరూ మర్యాదగానే ఉన్నారు. ఆ కార్లాయన ఎంతో శ్రద్ధగా కారును బయటికి తీసుకెళ్ళి చాలాసేపు నడిపి తెచ్చాడు. ముల్లు మధ్యలోంచి కదల్లేదన్నాడు. కదలదు. ఆ చలికి నా వేళ్ళే కదలడం లేదు. అన్న కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"దయచేసి ఎండలో నడిపి చూడండి" అని ఆమె ఇంగ్లీషులో చెప్పింది. పెద్ద కుర్చీలో ఉన్నావిడ కిటికీ వైపు చూసి, "ఇవాళ అది నా చేతుల్లో లేదు" అంది. ఆ మాటలో వెటకారం లేదు. అందుకే ఇంకా చిరాకేసింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు.

తీర్పులో రెండు ముక్కలున్నాయి. ఒకటి, భార్య పేరు మీద అమ్మిన నాటకం చెల్లదు, అమ్మింది వ్యాపారే. రెండు, లోపం మాకు కనిపించలేదు గానీ ఈమె చెప్పేదీ, సాక్షిగా నేను చెప్పిందీ కొట్టిపారేయలేం. కాబట్టి వ్యాపారి కారును పూర్తిగా తనిఖీ చేసి బాగుచేయాలి, మళ్ళీ కాగితే రావచ్చు.

బయటికొచ్చి ఆమె మెట్ల మీద ఆగింది. "గెలిచినమా, ఓడినమా అక్కా?"

"నాకూ తెలీలేదే" అన్నాను.

అన్న కారు పట్టుకుపోయి, ఏదో మార్చామని తిప్పి పంపాడు. వసంతం వచ్చింది, పోయింది. ఊళ్ళో మనవాళ్ళు ఎదురైతే, "ఇప్పుడు బాగుందటగా? మరి ఇంత గొడవ ఎందుకు చేసినట్టు?" అనేవాళ్ళు. ఆమె బానెట్ మీద చెయ్యి పెట్టి చూసేది. అప్పటికి అదొక అలవాటైపోయింది, ఇంటిముందు ఆపిన ప్రతిసారీ.

మళ్ళీ ఎండలు. మళ్ళీ అదే కొండ. ముల్లు మధ్యలోంచి లేచి, మెల్లగా, ఎవరో వేలితో తోస్తున్నట్టు ఎర్రగీత మీదికి వచ్చింది. నేను గట్టిగా తిట్టాను, ఇక్కడ రాయలేని మాటలు. ఆమె మాత్రం కారు ఆపి, ఫోను నా చేతికిచ్చి ముల్లును వీడియో తియ్యమంది. ఫోను కదలకుండా నా మణికట్టు పట్టుకుంది. ఆవిరి పైకి లేస్తుంటే దాన్నీ తీయించింది. తర్వాత ఆఫీసుకు ఫోన్ చేసి, మమ్మల్ని తీసుకెళ్ళడానికి కారు పంపేదాకా ఫోను పెట్టలేదు. ఆరోజు ముసలావిడ తడిబట్టల్లో లేదు.

రెండోసారి విచారణకు ఎక్కువసేపు పట్టలేదు. బాగుచేసే అవకాశం ఇచ్చారు, బాగుపడలేదు. కారు వెనక్కి తీసుకుని ఆమె ఇచ్చింది ఆమెకు తిరిగి ఇచ్చెయ్యాలన్నారు. ఆ వార్త విని మా గ్రూపులో ఒక్కరూ ఏమీ రాయలేదు. ఒకాయన మాత్రం నాకు షాపులో ఎదురై, "పట్టిందల్లా సాధించిందన్నమాట మీ నేస్తం" అన్నాడు, అదేదో జబ్బయినట్టు.

కారు తీసుకెళ్ళడానికి అన్న ఒక మధ్యాహ్నం వచ్చాడు. మంచి ఎండ. వీధిలో తారు మెరుస్తోంది. ఆమె కారును కడిగి, లోపలి చిన్న వినాయకుణ్ణి తీసి పెట్టుకుని, తాళం చేత్తో పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. నేను మెట్ల మీద ఉన్నాను. ఆయన తన కారులో రాలేదు. పాడైన కార్లను ఎక్కించుకుపోయే టో ట్రక్కు ముందు సీట్లో కూర్చుని వచ్చాడు. పెద్ద ట్రక్కు, వెనక వాలు బల్ల, గొలుసులు.

ఆమె ట్రక్కును చూసింది. ఆయన్ను చూసింది.

"నడుపుకుంట పోరాదా అన్నా? బాగనే ఉన్నదంటివి గద."

ఆయన ఆమె మొహం చూడకుండా తాళం అందుకున్నాడు. ట్రక్కు నడిపే ఆయన నిక్కరు వేసుకున్న పెద్ద మనిషి, తెల్లాయన, దిగి చేతులు దులుపుకుంటూ కారు చుట్టూ తిరిగాడు. చక్రాలు తన్ని చూశాడు. కారు చక్కగానే ఉంది కదా, దీనికేమైంది, స్టార్ట్ అవుతుందా అని అడిగాడు.

అన్న ఇంగ్లీషులో, మామూలుగా, వాతావరణం గురించి చెప్పినంత తేలిగ్గా అన్నాడు: "స్టార్ట్ అవుతుంది మేట్. ఓవర్‌హీట్ అవుతుంది. ఇలాంటి ఎండలో కొండ ఎక్కితే నిలవదు. ఎప్పుడూ అంతే ఇది."

ట్రక్కాయన, "ఓ, సరే" అని గొలుసు విప్పడం మొదలుపెట్టాడు.

నాకు నవ్వొచ్చింది. పెద్దగా నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాను. ఆమెకు కారు పోతోంది, ఇచ్చింది తిరిగి వస్తోంది, అడిగిందంతా జరిగింది. అయినా ఆమెకు అంత కోపం రావడం నేను ఎన్నడూ చూడలేదు. ఆమె నడిచి వెళ్ళి ఆయన ముందు నిలబడింది. ఆయన ఛాతీ దాకా కూడా రాదు.

"ఇప్పుడు ఆయనకు చెప్పిన ముచ్చట నాకు చెప్పు అన్నా."

"ఏం ముచ్చట?"

"ఇప్పుడు ఆయనకు చెప్పిన ముచ్చట నాకు చెప్పు అన్నా. తెలుగుల."

"అయిపోయింది గద చెల్లె, ఇంకేంది?" అన్నాడాయన. కారు వాలుబల్ల మీదికి ఎక్కింది. గొలుసులు బిగిశాయి. ఆయన ట్రక్కు ఎక్కి తలుపు వేసుకున్నాడు, అద్దం ఎత్తుకున్నాడు. లోపల ఏసీ వేసుకుని ఉంటారు.

ట్రక్కు కదిలింది. ఎండ నడినెత్తిన ఉంది, లోపలికి రావే అని పిలిచాను. రాలేదు. ట్రక్కు వీధి మలుపు తిరిగి కనిపించకుండా పోయింది. ఆమె ఖాళీ రోడ్డు వైపే చూస్తూ, గొంతు ఇంకా తగ్గించి, మూడోసారి అదే మాట అంది.